పదకొండు కొమ్మలు

మంచి పని చేసి మనిషిని పోగొట్టినవాణ్ణి మీరు చూసి ఉండరు. చూడాలనుంటే నేనున్నాను. పదకొండేళ్ళ వయసులో, మూడూళ్ళకు సరిపడా బుద్ధి నా ఒక్కడికే ఉందనుకునే రోజుల్లో, అడవిలో దారి శుభ్రం చేస్తున్నానని చెప్పి మా అక్కను అడవిపాలు చేశాను. పాత తెలుగులో కొమ్మ అంటే ఆడపిల్ల అని కూడా అర్థముందని ఆ తర్వాతెప్పుడో తెలుగు మాస్టారు చెప్పారు. అంటే కొమ్మను తీసి కొమ్మను పోగొట్టినవాణ్ణన్న మాట. ఈ చమత్కారం ఆ రోజే తెలిసి ఉన్నా నవ్వే పరిస్థితిలో ఎవరూ లేరు.

ఈ సంగతి మొన్న మళ్ళీ పైకి లేచింది. బూర్గంపాడు వైపు కారులో పోతున్నాం. స్టీరింగు ముందు అక్క మనవరాలు, పక్కన అక్క, వెనక సీట్లో నేను. నా ఒళ్ళో అక్క తెల్లవారుజామున లేచి వండిన గారెలు, నాటుకోడి కూర ఉన్న కారియరు. మూత సందులోంచి మసాలా వాసన వస్తుంటే నేను అటూ ఇటూ కదులుతున్నాను. "సక్కగ కూసోరాదు, కూర ఒలుకుతది" అని అక్క అప్పటికి మూడుసార్లు అన్నది. ఒక మలుపులో లారీ ఆగిపోయి ఉంది. టైరు కింద రాయి, లారీ వెనక కాస్త దూరంలో రోడ్డు మీద పచ్చని వేపకొమ్మ. బండి చెడిపోయింది, చూసుకొని పొమ్మని గుర్తు. మనవరాలు నెమ్మదిగా తప్పించింది. అక్క వెనక్కి తిరిగింది. డెబ్బై దాటిన ముఖంలో పదిహేనేళ్ళ పిల్ల నవ్వు.

"తమ్మీ, దిగు. దిగి ఆ కొమ్మ తీసి పక్కన పడెయ్. నక్షత్రం వస్తది."

"ఏం నక్షత్రం అమ్మమ్మా?" అన్నది మనవరాలు.

ఇంకేముంది. ఆ కథ అక్క నోట ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని క్రిస్మస్ విందుల్లో విన్నానో. చెప్పిన ప్రతిసారీ అడవి కొంత పెరుగుతుంది. ప్రభుత్వం వల్ల కానిది మా అక్క వల్ల అయింది. ఈసారి ఎలుగుబంటి కూడా వచ్చింది. నిజానికి ఆ రోజు ఎలుగుబంటి రాలేదు. వచ్చి ఉంటే అక్క మాటల ధాటికి అదే దారి తప్పేది. అందుకని ఒక్కసారి నా వైపు నుంచి కూడా చెప్పుకుంటాను. తప్పు నాది, దారి తప్పింది ఆమె. చెప్పుకునే హక్కు ఇద్దరికీ ఉంది.

మాది బోనకల్లు. పొలం గట్టు మీద నిలబడితే నాలుగు వైపులా నేల అంచుదాకా కనిపించే ఊరు. మిరప చేలు, పత్తి చేలు, మధ్యలో రైలు పట్టాలు. మాకు దారంటే అదే. ఎటు పోవాలో పట్టాలే చెబుతాయి, వాటి మీద ఏమీ పడి ఉండకుండా చూసుకుంటే చాలు. మా నాన్న రైల్వేలో గ్యాంగుమను. ఎండనకా వాననకా పట్టాల వెంట నడుస్తూ, కొమ్మ పడితే కొమ్మ, రాయి పడితే రాయి తీసి పక్కన వేయడమే ఆయన పని. "దారి మీద అడ్డం కనబడితే అడగొద్దు, తియ్యాలి" అనేవాడు. ఇంట్లో ఆయన ఇచ్చిన ఉపదేశం అదొక్కటే. నేను విన్న ఉపదేశం కూడా అదొక్కటే. నా అదృష్టం కొద్దీ రెండూ ఒకటే అయ్యాయి.

దానికి తోడు మా సండే స్కూలు. పాస్టరమ్మ గోడకు ఒక అట్ట వేలాడదీసింది. పిల్లల పేర్లు నిలువుగా, మంచి పని చేసినప్పుడల్లా పేరు పక్కన బంగారు కాగితం నక్షత్రం. ఆ వేసవి సెలవుల నాటికి మా వీధి చివరింటి పిల్లకు పంతొమ్మిది, నాకు మూడు. ఆ మూడింట్లో ఒకదాన్ని, ప్రార్థన మధ్యలో నాలుగుసార్లు నీళ్ళకు లేచానని పాస్టరమ్మ గోటితో గీకేసింది. నా కాళ్ళు ఒకచోట ఉండేవి కావు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే పోవాలనిపించేది, పోతే ఇంకొంచెం ముందుకు పోవాలనిపించేది. ఆ గీకిన మచ్చ మిగతా రెండు నక్షత్రాలకన్నా బాగా కనిపించేది. సెలవులకు ముందు చివరి ఆదివారం ఆమె చెప్పింది: పదిమంది నడిచే దారిలో రాయి, ముల్లు, ఏ అడ్డమున్నా తీసి పక్కన పెట్టినవాళ్ళకు ఒక్కోదానికి ఒక్కో నక్షత్రం. ఎవరూ చూడకపోయినా సరే, మీరే లెక్కపెట్టుకొచ్చి చెప్పండి. నన్ను నమ్మడం ఆమె తప్పు అనను. లెక్క నేనెప్పుడూ తప్పు చెప్పలేదు.

ఆ సెలవుల్లో నన్ను పెద్దమ్మ వాళ్ళ ఊరు పంపారు. బూర్గంపాడులో బస్సు దిగి, ఎడ్లబండి మీద ఇంకో పూట పోవాలి. ఊరికి ముందే వాసన వచ్చింది. వాకిళ్ళలో ఎండబోసిన ఇప్పపువ్వు. తీపిగా, మత్తుగా, పులిసిన బెల్లంలాగా. ఆ వాసనకే నాకు నిద్ర రావాలి, రాలేదు. పెద్దమ్మ ఇంటి వెనక దడి, దడి వెనక అడవి. మా ఊళ్ళో చెట్లు మనుషుల్లా విడివిడిగా ఉండేవి, ఒక్కోదానికీ ఒక గుర్తింపు ఉండేది. ఇక్కడ అవి జాతరలో జనంలా ఒకదాని భుజం మీద ఒకటి పడుతూ నిలబడి, అన్నీ కలిసి లోపల దేన్నో చూస్తున్నట్టు నాకు వీపు తిప్పి ఉన్నాయి. అదేమిటో నేను చూడాలి.

"పెద్దమ్మా, లోపలేముంటది?"

"చెట్లుంటయ్."

"చెట్ల వెనక?"

"చెట్లే."

"వాటి వెనక?"

"నీ తలకాయ. పో, పోయి పండ్లు తోముకో."

అక్క పెద్దమ్మ కూతురు. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, నోట్లో నలభై ఏళ్ళు పెద్ద. నా "ఏంటి"ని వెక్కిరించేది. "ఏంటండీ బోనకల్లు దొరగారూ, అడవి జూస్తరా? పోండి, కోతులు ఎత్తుకపోతయ్. వాటిక్కూడ పొద్దుపోవాలె గదా."

అది తునికాకు సీజను. బీడీలు చుట్టే ఆకు. ఊళ్ళో సగంమంది కోడి కూసేవేళకే అడవిలోకి పోయి ఆకు తెంపి, కట్టలు కట్టి, ఊరి చివర కల్లంలో పరిచి ఎండబెట్టేవాళ్ళు. పెదనాన్న కల్లం దగ్గర పని చేసేవాడు. బారులు తీర్చి పరిచిన కట్టల మధ్య నేను రైలునై పరిగెత్తేవాణ్ణి. మూడో రోజుకు ఆయన చేతులెత్తేశాడు.

"వీణ్ణి ఆకుకు తోలుకపోవే. ఈడుంటే కల్లం మొత్తం తొక్కిపెడుతుండు. అడవిల అయితే తొక్కడానికి జాగ ఎక్కువ."

అలా నేను అడవిలో అడుగుపెట్టాను. తెలతెలవారుతుండగా ఎనిమిదిమందిమి బయల్దేరాం. అందరికన్నా ముందు పక్క గూడెం నుంచి వచ్చిన ఒక కోయ అవ్వ. ఆమె వెనక ఆమె గూడెం వాళ్ళు నలుగురు, తర్వాత పెద్దమ్మ, పక్కింటామె, చివర నేను. అవ్వ పొట్టిగా, ఎండిన తునికి కర్రలా ఉండేది. చెప్పులు లేవు. నడుస్తుంటే కింద ఎండుటాకు చప్పుడయ్యేది కాదు. నా కింద మాత్రం అప్పడాల దుకాణం మీద ఏనుగు నడిచినట్టుండేది. వాళ్ళలో వాళ్ళు తమ భాషలో మాట్లాడుకొని నవ్వుకునేవాళ్ళు. అర్థం కాకపోయినా నవ్వు నా గురించేనని తెలిసేది.

అక్క మాతో రాలేదు. ఇంట్లో జొన్న అంబలి కాచి, ఎనిమిదిమందికీ సరిపడా కుండ నెత్తిన పెట్టుకొని, మామిడికాయ ముక్కలు, ఉల్లిగడ్డలు కొంగున కట్టుకొని, నీళ్ళ సొరకాయ బుర్ర చంకన వేసుకొని పొద్దెక్కాక వెనక రావాలి. రోజూ అదే పద్ధతి. కాకపోతే దగ్గరి పొదల్లో ఆకు అయిపోయింది. ఆ రోజు వాగు అవతల, ఆమె ఎప్పుడూ పోని చోటికి పోతున్నాం.

లోపలికి పోయిన కొద్దీ నాకు పిచ్చెక్కింది. ఆకాశం చిల్లుల గొడుగైంది. మద్ది చెట్ల బెరడు మొసలి చర్మంలా ఉంది. నా ఎత్తు పుట్టలు. ఒక చెట్టు మీద ఏదో గోళ్ళతో గీరిన గీతలు, నా తలకు పైన. తునికి పండ్లు రాలి పసుపుపచ్చగా పగిలి ఉన్నాయి. ఒకటి తింటే నాలుక మీద తేనె, పెదాలకు జిగురు. మొర్రి పండ్లు గుప్పెడు నోట్లో వేసుకొని గింజలు ఉమ్ముతూ నడిచాను. ఎక్కడో నెమలి అరిచింది. ఎక్కడో అంటే ఎక్కడో చెప్పలేను. అక్కడ చప్పుడుకు దిక్కు లేదు. ప్రతి చెట్టు దగ్గరా ఆగి దాని వెనకేముందో చూసేవాణ్ణి. ఇంకో చెట్టు. దాని వెనక ఇంకోటి. పెద్దమ్మ అబద్ధం చెప్పలేదు. అయినా చూడకుండా ఉండలేకపోయాను. ఆగి, వెనకబడి, "జల్దీ రారా!" అని పెద్దమ్మ కేక వేస్తే పరిగెత్తి, మళ్ళీ ఆగి.

అలా వెనకబడి పరిగెత్తుతున్నప్పుడే మొదటి కొమ్మ కనిపించింది. కాలిబాట రెండుగా చీలిన చోట, వాళ్ళు పోని బాటకు అడ్డంగా, పచ్చి ఆకులతో ఒక కొమ్మ.

నాకు నాన్న గుర్తొచ్చాడు. వెంటనే పాస్టరమ్మ గుర్తొచ్చింది. దారికి అడ్డం! కొమ్మ తీసి పొదలోకి విసిరాను. ఒకటి.

కాసేపటికి ఇంకో చీలిక, ఇంకో కొమ్మ. రెండు. ఈ అడవి వాళ్ళకు దారి శుభ్రంగా ఉంచుకోవడం తెలియదు పాపం అనుకున్నాను. మూడోది పెద్ద మద్ది కొమ్మ. లాగుతుంటే చొక్కాకు పట్టుకుంది. విడిపించుకునేలోగా ముందు నుంచి కేక. దాన్ని ఎక్కడున్నది అక్కడే, అంటే మేము నడుస్తున్న బాట మీదే వదిలేసి పరిగెత్తాను. నిజాయితీపరుణ్ణి కాబట్టి దానికి అర నక్షత్రమే వేసుకున్నాను. వాగు దాటి ఆకు పొదల దగ్గరికి చేరేసరికి పదకొండు కొమ్మలు, పదిన్నర నక్షత్రాలు. వీధి చివరింటి పిల్ల ముఖం ఎలా మాడుతుందో కళ్ళకు కట్టింది.

ఆకు తెంపడం చూడముచ్చటైన పని. రెండు చేతులూ విడివిడిగా పొద మీద తిరుగుతాయి, టుప్ టుప్‌మని చప్పుడు, చూస్తుండగానే ఒడి నిండుతుంది. నేను పది తెంపేలోగా అవ్వ ఒక కట్ట కట్టేది. నా ఆకుల్లో సగం చిల్లులవి. "పురుగు తిన్నంక మిగిలింది నువ్వు తెంపుతున్నవా?" అని పెద్దమ్మ. ఎండ పైకి లేచింది. వాగు ఇసుకలో చెలమ తోడి ఊరిన నీళ్ళు తాగాం. ఆకలి మొదలైంది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు తలెత్తి వచ్చిన బాట వైపు చూడడం మొదలుపెట్టారు.

"ఇంకా రాలేదేందే నీ బిడ్డ?"

"వస్తది. అంబలి సల్లారబెట్టుకొని వస్తది."

పొద్దు నెత్తి మీదికొచ్చింది. నెత్తి మీది నుంచి కొంచెం వాలింది కూడా. చేతులు ఆగిపోయాయి. పెద్దమ్మ నిలబడి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి "ఓ..." అని కేక వేసింది. అడవి ఆ కేకను మింగేసి ఊరుకుంది.

"తొవ్వ ఎరుక గాలేదా ఏంది?" అన్నది పక్కింటామె.

"ఎందుకు ఎరుక గాదు? చీలిన కాడల్లా అవ్వ కొమ్మ ఏసింది గదా. కొమ్మ ఏసిన బాటన పోవద్దు, ఏయని బాటన రావాలె. చిన్నపోరలకు గూడ తెలుస్తది."

చిన్నపోరడినైన నాకు అప్పుడు తెలిసింది.

అది ఎవరూ నాకు చెప్పలేదు. గడప దాటితే ఇల్లు అని ఎవరైనా చెబుతారా? లేచాను. కూర్చున్నాను. మళ్ళీ లేచి చెలమ దగ్గరికి పోయి, దాహం లేకపోయినా తాగి వచ్చాను. చెప్పాలి. చెబితే కొడతారు. చెప్పకపోతే అక్క. ఇంకో నిమిషంలో వచ్చేస్తుందేమో, అప్పుడు చెప్పక్కర్లేదు కదా. ఆ ఒక్క నిమిషాన్ని పట్టుకొని ఎంతసేపు వేలాడానో తెలియదు. పొదల నీడలు తూర్పుకు జరిగాయి. "పేను కుట్టినట్టు ఏందిరా ఆ తిరుగుడు? ఒక్కకాడ కూసో!" అని పెద్దమ్మ అరిచింది. గూడెం వాళ్ళు తమ భాషలో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. పొద్దుటి నవ్వు లేదు. ఆ మాటలు నాకు రావు, ఆ గొంతు మాత్రం ఏ భాషలోనైనా ఒకటే.

పెద్దమ్మ దగ్గరికి పోలేక అవ్వ దగ్గరికి పోయాను. కట్ట బిగిస్తున్న ఆమె చేతుల వైపు చూస్తూ అన్నాను.

"అవ్వా, కొమ్మలు నేను తీసిన."

ఆమె చేతులు ఆగాయి. "ఎన్ని?"

"పదకొండు."

"ఎందుకు తీసినవ్?"

"దారికి అడ్డం ఉన్నాయని."

అవ్వ నా వైపు తిరిగింది. "అడ్డం ఉండాల్నే బిడ్డా. అడ్డం లేకుంటే అన్నీ దారులే అయితయ్" అని, కట్ట పక్కన పెట్టి లేచింది. నన్ను కొట్టడానికి వస్తున్న పెద్దమ్మకు చెయ్యి అడ్డం పెట్టింది. ఆ పూట అడవిలో మిగిలిన అడ్డం అదొక్కటే. నాకు దాని విలువ తెలిసింది.

వెనక్కి నడిచాం. ఇద్దరిని అక్కడే ఉంచి, మిగిలిన ఆరుగురం. ప్రతి చీలిక దగ్గరా అవ్వ ఆగి "ఇక్కడ?" అనేది. నేను తలూపి, విసిరిన కొమ్మ ఎక్కడ పడిందో చూపేవాణ్ణి. నక్షత్రాల ఆశతో లెక్కపెట్టుకున్నాను కాబట్టి ఒక్కటీ మరవలేదు. ఆమె పొదలోంచి దాన్ని తీసి చూసి పారేసి, కొత్తగా పచ్చి కొమ్మ విరిచి అడ్డం వేసేది. వాడినది నిన్నటి మాట, పచ్చిదైతేనే ఈ రోజు మాట. ఒకచోట నేను సాయం చేయబోతే నా చెయ్యి పట్టుకొని కిందికి దించింది. "నువ్వు ముట్టకు. చేతులు కట్టుకొని నడు."

చేతులు కట్టుకొని నడిచాను. అడవి పొద్దున చూసినదే. అవే పుట్టలు, అవే గోళ్ళ గీతలు. పొద్దున ప్రతి చెట్టు వెనకా ఏముందో చూడాలనిపించింది. ఇప్పుడు ప్రతి చెట్టు వెనకా అక్క ఉంటే బాగుండుననిపించింది. దేవుడితో బేరం మొదలుపెట్టాను. అట్ట మీదున్న రెండూ తీసుకో. రావలసిన పదిన్నరా వద్దు. ఆ గీకిన మచ్చ కూడా నీకే. పొద్దు మాత్రం వాలిపోతూనే ఉంది.

అటునుంచి లెక్క పెడితే తొమ్మిదోది, ఇటునుంచి మూడోది. మద్ది కొమ్మ, మేము నడిచిన బాట మీదే నిండుగా పడుకొని ఉంది. మొదటి రెండు చీలికలు అక్కకు రోజూ అలవాటైనవే, ఇక్కడి నుంచే కొత్త దారి. మూయాల్సిన బాట తెరిచి, తెరవాల్సిన బాట మూసి పెట్టాను. అవ్వ దాన్ని చూసింది, నన్ను చూసింది, రెండో బాటలోకి తిరిగి నోరు తెరిచి ఒక్క కేక వేసింది. ఆ ఎండుకర్ర ఒంట్లోంచి అంత కేక ఎలా వచ్చిందో!

ఇంకొంత నడిచి మళ్ళీ కేక. ఈసారి, ఎక్కడో దిగువ నుంచి, సన్నగా, కోపంగా:

"ఈడున్న!"

ఎండిన వాగు పక్కన బండ మీద కూర్చొని ఉంది అక్క. పక్కన అంబలి కుండ బోర్లించి ఉంది. పెద్దమ్మ పరిగెత్తి పోయి వీపు మీద రెండు వేసి, అదే చేత్తో దగ్గరికి లాక్కొని ఏడ్చింది.

"తప్పిపోతివే బిడ్డా!"

"నేనెందుకు తప్పిపోత? కొమ్మ ఎటు పొమ్మంటే అటే వచ్చిన. మీరే తప్పిపోయిన్రు. మీ కోసమే ఈడ కూసొని సూస్తున్న."

నిజమే. ఆమె ఒక్క తప్పు కూడా చేయలేదు. ఆ మాట అనలేక నేను బోర్లించిన కుండ వైపు చూశాను. పొద్దుటి నుంచి నా కడుపులో తునికి పండ్లు, భయం తప్ప ఏమీ లేవు. కుండ తిప్పి చూశాను. అడుగున తడి కూడా లేదు. ఎనిమిదిమంది అంబలి. మామిడికాయ టెంకలు మాత్రం చక్కగా వరసగా పేర్చి ఉన్నాయి.

అక్క మూతి తుడుచుకుంది. "వస్తరో రారో అని తినేసిన. పాడైతది గదా."

ముందు అవ్వ నవ్వింది. తర్వాత గూడెం వాళ్ళు, తర్వాత ఏడుస్తూనే పెద్దమ్మ. కొమ్మల సంగతి తెలిశాక అక్క నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు వీపు మీద తెలుస్తుంది. తిరుగుదారి పొడుగునా నా భుజం పట్టుకొని నడిచింది. నోరు ఆగలేదు. దారి ఊడ్చే రాజా అన్నది, మునిసిపాలిటీ అన్నది, నీకు నక్షత్రాలు గాదు, సూర్యుణ్ణే ఇయ్యాలె అన్నది. అందరూ నవ్వుతున్నారు. కానీ భుజం మీద ఆమె వేళ్ళు వణుకుతున్నాయి. ఊరు కనిపించేదాకా ఆ వణుకు తగ్గలేదు. అక్క తన కథలో ఆ ముక్క ఎప్పుడూ చెప్పదు. నేనూ ఎప్పుడూ చెప్పలేదు.

ఆ సీజనంతా అవ్వ నన్ను చేతులు కట్టుకునే నడిపించింది. కొమ్మ ఎలా విరవాలో, ఆకుల కొస ఎటుండాలో చూపించేది, చేతికి మాత్రం ఇచ్చేది కాదు. "వచ్చే ఏడు ఏద్దువులే" అనేది. వచ్చే ఏడు నాన్నకు బదిలీ అయింది, నేను పోలేదు. ఆ తర్వాత పోయేసరికి అవ్వ లేదు. బోనకల్లులో పాస్టరమ్మకు నేను లెక్క చెప్పలేదు. అయినా అక్క ఉత్తరం రాసింది, అమ్మ చదివింది, పాస్టరమ్మ విన్నది. నెల రోజులపాటు ఆదివారం ప్రసంగంలో "పేరు చెప్పను గానీ ఒక అబ్బాయి" వచ్చాడు. పేరు చెప్పకుండానే అందరి తలలూ నా వైపు తిరిగేవి. అందరి నోళ్ళలోనూ ఈ కథ తిరగడానికి ఆ తర్వాత అరవై ఏళ్ళు అక్క ఒక్కతే చాలింది.

మొన్న ఆ ఊరు దాకా పోయాం. దడి లేదు. దడి వెనక అడవి ఉన్న చోట వరసకట్టి నిలబడ్డ జామాయిలు తోట. ఎటు చూసినా తిన్నటి సందులే. అందులో ఏ పిల్లాడూ దారి తప్పలేడు. ఎందుకు పోవాలో కూడా తెలియదు. కల్లం చోట సిమెంటు రోడ్డు. ఇప్పపువ్వు వాసన కోసం ముక్కు ఎగబీల్చాను. డీజిలు తగిలింది.

భోజనానికి ఇంకాస్త ముందుకు పోయి, రోడ్డు పక్కన జనం నడవడానికి బాటలు వేసిన ఒక అడవి ముక్క దగ్గర ఆగాం. చిన్నదే గానీ అసలు అడవి. మద్ది చెట్లున్నాయి, మొసలి చర్మంతో సహా. అక్కకు మోకాళ్ళ నొప్పి. "కారియరు పట్టుకొని నువ్వు ముందు పో. మేం మెల్లగ వస్తం" అన్నది. కొంత దూరం పోయాక బాట రెండుగా చీలింది. ఎడమది ఇరవై అడుగుల్లో గడ్డి కప్పిన పాకకు పోతుంది. కుడిది చిన్న కుంట చుట్టూ తిరిగి, చివరికి అదే పాక దగ్గర తేలుతుంది. బాణం గుర్తున్న బోర్డు విరిగి కింద పడి ఉంది.

నేను ఆగాను. వెనక ఎవరూ కనబడలేదు. కారియరు కింద పెట్టాను. పచ్చి కొమ్మ ఒకటి విరిచి, అవ్వ చూపినట్టే ఆకుల కొస తిప్పి, ఎడమ బాటకు అడ్డంగా వేశాను. చేతులు దులుపుకొని, కారియరు అందుకొని, కొమ్మ దాటి పాకలో తడిక చాటున కూర్చున్నాను.

కాసేపటికి మాటలు వినిపించాయి.

"అమ్మమ్మా, ఫోన్ల ఎడమకు అని చూపిస్తుంది."

"ఫోన్ పక్కకు పెట్టు. అదేమన్న నడిచిందా ఇక్కడ? కొమ్మ ఏసింది కనబడ్తలేదా? అవ్, గిట్లనే ఏస్తరు. కుడికి నడు."

ఆ నమ్మకం వింటుంటే గారె గొంతులో అడ్డం పడింది. అయినా మింగాను. చెట్ల సందుల్లోంచి కుంట చుట్టూ ఆమె ఆకుపచ్చ చీర కనిపిస్తూనే ఉంది. కనిపించనప్పుడల్లా నోట్లో ముక్క అలాగే పెట్టుకొని లేచి నిలబడేవాణ్ణి. మళ్ళీ కనిపించాక కూర్చునేవాణ్ణి. తినడం ఇంత కష్టమని ఎన్నడూ తెలియదు. మనవరాలి వాటా వేరే గిన్నెలో తీసి మూత పెట్టాను. పగ ఒక తరంతో ఆగాలి. మిగిలిన గారెలు, కూర, అడుగున చారెడు పులుసుతో సహా పూర్తి చేసి, ఎముకలు ఆకు మీద చక్కగా వరసగా పేర్చాను.

అక్క చెమటలు కక్కుతూ పాకలోకి వచ్చింది. నన్ను చూసింది. ఇరవై అడుగుల అవతల, ఎడమ బాట మీద పచ్చగా పడుకున్న కొమ్మను చూసింది. ఎముకలు చూసింది. కూర గిన్నె తీసుకొని వంచి చూసింది.

నేను మూతి తుడుచుకున్నాను.

"వస్తవో రావో అని తినేసిన అక్కా. పాడైతది గదా."